చిన్న జనరేటరు, ఇంటి లోడు: వంతులు వేసి నడుపుకోవడం ఎలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక నగరంలో చాలా పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ పడగొట్టి వెళ్లింది. ఆ రోజుల్లో జనాన్ని ఎక్కువ ఏడిపించింది దీపాలు లేకపోవడం కాదు, మోటారు తిరగక ట్యాంకు ఎండిపోవడం. అందుకే కోస్తాలో కాస్త వీలున్నవాళ్లు చిన్న పెట్రోలు జనరేటరు ఒకటి కొని మూల పెట్టుకుంటారు. దుకాణంలో అమ్మే అతను ‘దీంతో ఇల్లంతా నడుస్తుందండీ’ అంటాడు. నడుస్తుంది, కాకపోతే ఇల్లంతా ఒకేసారి నడవదు. కాలువ చివరి పొలాలకు నీళ్లు వంతుల వారీగా వదిలినట్టే దీని కరెంటునూ వంతులు వేసి వాడుకోవాలి. ఆ వంతులు ఎలా వేసుకోవాలో, ఈలోగా మనుషులకు ప్రమాదం లేకుండా యంత్రాన్ని ఎలా నడపాలో చెబుతాను.

ముందు రేకు మీద అంకెలు చదవండి

జనరేటరు ఒంటి మీద ఒక రేకో, స్టిక్కరో ఉంటుంది. పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె సాధారణంగా గరిష్ఠ సామర్థ్యం. అది కొద్ది క్షణాల పాటు ఇవ్వగలిగినది మాత్రమే. మీకు కావలసింది దాని పక్కనో కిందనో ‘రేటెడ్’ అని ఉండే అంకె. గంటల తరబడి ఇవ్వగలిగినది అదీ. కొన్నింటి మీద వాట్లు కాక కేవీఏలు రాసి ఉంటాయి. ఆ అంకెను వెయ్యితోనూ, పక్కనే ఉండే పవర్ ఫ్యాక్టర్‌తోనూ గుణిస్తే వాట్లు వస్తాయి. పవర్ ఫ్యాక్టర్ 0.8 అని ఉంటే 2.5 కేవీఏ యంత్రం ఇచ్చేది 2,000 వాట్లు. ఈ వ్యాసం పొడుగునా ఆ 2,000 వాట్ల యంత్రాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మీది వేరే అయితే అంకెలు మార్చుకుని ఇదే లెక్క వేసుకోండి.

రేటెడ్ 2,000 అయినా నిలకడగా 1,600 వాట్లు దాటనివ్వకండి. అంటే ఎనభై శాతం. 230 వోల్టుల దగ్గర ఇది సుమారు 7 ఆంపియర్లు. ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే క్లాంప్ మీటరును జనరేటరు నుంచి వచ్చే ఫేజ్ తీగకు తగిలిస్తే ఆ అంకె వెంటనే కనిపిస్తుంది. ఇంట్లో సామాను మీద అంచనాలు వేసుకోవడం కంటే ఒకసారి ఇలా కొలిచి చూసుకోవడం ఎంతో నయం. మిగిలిన నాలుగు వందల వాట్లు దుబారా అనుకోకండి, వాటి పని ఏమిటో ఇప్పుడే తెలుస్తుంది.

ఇంటి లోడును కాగితం మీద పెట్టండి

ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు: 54. పాత రకం సీలింగ్ ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75: మొత్తం 225. టీవీ 80. వైఫై రౌటరు 10. ఫోన్ల ఛార్జింగుకు ఒక 60 వేసుకుందాం. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జింగుకు 300. ఇప్పటికి 729 వాట్లు. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 150. అన్నీ కలిపితే 879. రెండు వేల యంత్రానికి ఇది సగం కూడా కాదు కదా అనిపిస్తుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది.

మోటారు, కంప్రెసరు ఉన్న ప్రతి వస్తువూ మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆగి ఉన్న ఇరుసు కదలాలంటే అంత కరెంటు కావాలి. 150 వాట్ల ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు 900 దాకా అడగవచ్చు. అర హెచ్‌పీ సంపు మోటారు తిరుగుతున్నప్పుడు 550 వాట్లు తీసుకుంటే, మొదలయ్యే క్షణంలో 1,800 వరకు లాగవచ్చు. వస్తువును బట్టి ఈ అంకెలు మారతాయి. ఇన్వర్టర్ కంప్రెసరు ఉన్న కొత్త ఫ్రిజ్‌లు మెల్లగా మొదలవుతాయి కాబట్టి వాటితో ఈ తంటా చాలా తక్కువ. కానీ పాత ఫ్రిజ్, పాత మోటారు ఉన్న ఇంట్లో జనరేటరును పడగొట్టేది ఈ మొదటి తోపే.

ఇప్పుడు లెక్క మళ్లీ చూడండి. మిగతావి 729, ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు 900, కలిపి 1,629. ఇబ్బంది లేదు. అదే సమయంలో వంటింట్లో ఎవరో 750 వాట్ల మిక్సీ వేశారనుకోండి, 2,379 అవుతుంది. జనరేటరు మూలుగుతుంది లేదా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంది. ఫ్రిజ్ ఎప్పుడు మొదలవుతుందో మన చేతిలో లేదు, లోపలి థర్మోస్టాట్ దాని ఇష్టం వచ్చినప్పుడు వేస్తుంది. ‘నిన్న ఇవే వేస్తే బాగానే నడిచింది, ఇవాళ ఏం వచ్చింది?’ అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. నిన్న మిక్సీ తిరిగిన రెండు నిమిషాల్లో ఫ్రిజ్ నిద్రపోతూ ఉంది.

కాబట్టి మీ కాగితం మీద ప్రతి వస్తువుకూ రెండు అంకెలు ఉండాలి: నడిచేటప్పుడు ఎంత, మొదలయ్యేటప్పుడు ఎంత. నడిచేవాటి మొత్తం 1,600 దాటకూడదు. నడుస్తున్న వాటికి అన్నిటికంటే పెద్ద తోపు ఒకటి కలిపినప్పుడు 2,000 దాటకూడదు. ఈ రెండు పరీక్షలూ నెగ్గినవే ఒకే వంతులో ఉండాలి.

కొన్నిటికి అసలు వంతే లేదు. గీజరు 2,000 వాట్లు, ఇండక్షన్ పొయ్యి దాదాపు అంతే, ఇస్త్రీ పెట్టె 1,000, టన్నున్నర ఏసీ 1,500 పైన. వేడి పుట్టించే ప్రతి వస్తువూ చిన్న జనరేటరుకు శత్రువే. గ్యాసు పొయ్యి ఉండగా పెట్రోలు కాల్చి కరెంటు చేసి, ఆ కరెంటుతో నీళ్లు కాచుకోవడం ఏం లెక్కో నాకైతే అంతుపట్టదు. మైక్రోవేవ్ 800 అని రాసి ఉంటే మోసపోకండి, అది వంటకు అందే శక్తి. గోడ నుంచి లాగేది 1,200 దాకా ఉంటుంది. బోరులో 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ఉన్నవాళ్లు ఈ సైజు జనరేటరుతో దాన్ని నడపగలమని ఆశ పెట్టుకోవద్దు. కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మోటారు స్టార్టింగ్ కరెంటు కొలిపించి, దానికి తగ్గ యంత్రం తీసుకోండి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటరు వాడే మనిషి ఉంటే కాగితం మీద మొదటి వరుస దానిదే. ఐదు లీటర్ల రకం సుమారు 300–350 వాట్లు తీసుకుంటుంది. అది నడిచినంతసేపూ మిక్సీ, మోటారు లాంటివి దాని దరిదాపులకు రాకూడదు. జనరేటరు ఆగిపోయినా పనికొచ్చేలా సిలిండరు కూడా పక్కన ఉండాలి.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి

ఓవర్‌లోడ్ అయితే యంత్రం పాడవుతుంది. తప్పు చోట పెడితే మనిషి చనిపోతాడు. అందుకని ఈ భాగాన్ని దాటేసి వెళ్లకండి.

పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది కానీ ఒంటికి ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, నీరసం. తుఫాను అలసట అనుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు.

జనరేటరు ఇంటి బయట, తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటివైపు కాక అవతలికి ఉండేలా పెట్టండి. వరండా బయట కాదు. బాల్కనీ బయట కాదు. మెట్ల కింద, సెల్లారులో, స్టిల్ట్ పార్కింగులో పెడితే పొగ మెట్ల దారిన పై అంతస్తులకు ఎక్కుతుంది. సగం దించిన షట్టరు వెనక జనరేటరు పెట్టి నడిపే దుకాణాలు మన బజార్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. ‘ఫ్యాను వేశాం, గాలి ఆడుతోంది’ అంటారు. ఫ్యాను ఆ గాలినే తిప్పుతుంది. మీ ప్రహరీ పక్కనే పొరుగువాళ్ల పడకగది కిటికీ ఉంటే అక్కడా పెట్టకండి. 20 అడుగుల స్థలం లేని అపార్ట్‌మెంటు వాసులకు నా సలహా ఒకటే: పెట్రోలు జనరేటరు మీ కోసం కాదు, పెద్ద బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు కొనుక్కోండి.

తలనొప్పి, తూలు అనిపించిన మరుక్షణం అందరూ బయటి గాలిలోకి వచ్చేయండి, 108కి ఫోను చేయండి. జనరేటరు ఆపడానికి పొగలోకి తిరిగి వెళ్లకండి.

వాన పడుతుంటే యంత్రం తడవకూడదు, అలాగని టార్పాలిన్ చుట్టేయకూడదు. నాలుగు కర్రలు పాతి పైన రేకు వేయండి, నాలుగు పక్కలా గాలి ఆడనివ్వండి. కింద నీళ్లు నిలవని ఎత్తైన, సమతలమైన చోటు చూడండి. ఒరిగి ఉంటే ఇంజనులో ఆయిలు ఒక పక్కకు చేరి, ఆయిలు తగ్గితే ఇంజనును ఆపే సెన్సరు ఊరికే ఆపేస్తూ ఉంటుంది. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంటి వైరింగుకు కలపడం

రెండు పక్కలా మగ ప్లగ్గు ఉన్న తీగ ఒకటి తయారు చేసి, ఒక కొసను జనరేటరుకూ రెండో కొసను గోడ సాకెట్‌కూ గుచ్చేవాళ్లు ఉన్నారు. మెయిన్ ఆపేశాం కదా అని ధీమా. ఒక్కసారి ఆపడం మరిచిపోతే మీ 230 వోల్టులు మీటరు దాటి వీధిలోకి వెళతాయి. వీధి ట్రాన్స్‌ఫార్మరు 11 కేవీని, అంటే 11,000 వోల్టులను, ఇళ్ల వోల్టేజీకి దించేదే. వెనక నుంచి కరెంటు వస్తే అదే ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. లైను చచ్చి ఉందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి తగిలేది అదే. ఆయన మీ ఇంటికి కరెంటు తెప్పించడానికే ఎక్కి ఉంటాడు. అదీ కాక, ఆ తీగ ఒక కొస ఊడితే బయటికి కనిపించే లోహపు కాళ్లలో 230 వోల్టులు ఉంటాయి. అసలు కరెంటు హఠాత్తుగా తిరిగొస్తే మీ జనరేటరు వైండింగు కాలిపోతుంది.

సరైన దారులు రెండే. మొదటిది, జనరేటరు నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి వస్తువులను నేరుగా దానికే తగిలించడం. రెండోది, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోవడం. అది ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండిటినీ మార్చే రకంగా ఉండాలి. అప్పుడు ఇల్లు అయితే వీధి లైను మీద ఉంటుంది, లేదంటే జనరేటరు మీద. రెండూ కలిసే వీలే ఉండదు. పెట్టించేటప్పుడే ఇంకో మాట చెప్పండి: గీజరు, ఏసీ సర్క్యూట్లను ఛేంజోవర్‌కు కలపవద్దని. మరిచిపోయి వేసినా అవి వెలగకపోవడమే మంచిది.

ఎర్తింగ్ సంగతి కూడా ఆయనతోనే తేల్చుకోండి. చిన్న జనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్‌ను లోపల ఎర్త్‌కు కలపరు. అందుకే టెస్టరు పెడితే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ సన్నగా వెలగవచ్చు. అలాంటప్పుడు ఇంట్లో ఆర్‌సీసీబీ (షాకు తగిలితే కరెంటు తెంచే స్విచ్) ఉన్నా షాకు తగిలితే అది పడిపోతుందన్న భరోసా లేదు. మీ యంత్రానికి ఏది సరైనదో మాన్యువల్ చూసి కలపాల్సిన పని ఇది, ఊహతో చేసేది కాదు.

ఎక్స్‌టెన్షన్ తీగ విషయంలో పిసినారితనం పనికిరాదు. 20 అడుగుల దూరం పెట్టమన్నాను కాబట్టి తీగ పొడుగవుతుంది, పొడుగైతే వోల్టేజీ తగ్గుతుంది. మూడు తీగలున్న, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు తీసుకోండి. చుట్టకు చుట్టిన తీగను చుట్ట విప్పకుండా వాడితే లోపల వేడి చేరి పైపొర కరుగుతుంది, మొత్తం విప్పి పరచండి. తలుపు సందులో నలగకుండా, నీళ్లలో పడకుండా చూడండి.

నడిపే వరుస

ఆయిలు చూడండి. డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. పెట్రోలు చూడండి. ఛేంజోవర్‌కు ఇవతల ఉన్న అన్ని ఎంసీబీలూ కిందికి దించండి, జనరేటరుకు ఏమీ తగిలించి ఉండకూడదు. ఫ్యూయెల్ కాక్ తెరిచి, చోక్ వేసి, తాడు లాగండి. అందుకున్నాక చోక్ మెల్లగా తీసేయండి. రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. మల్టీమీటరు ఉంటే వోల్టేజీ చూడండి, 220–240 మధ్య నిలకడగా ఉండాలి. అప్పుడు ఛేంజోవర్ తిప్పండి.

లోడు ఎక్కించేటప్పుడు అన్నిటికంటే పెద్ద తోపు ఉన్నదాన్ని మొదట, ఒంటరిగా వేయాలి. మన ఉదాహరణలో అది సంపు మోటారు. 1,800 వాట్ల తోపుకు ఇంకేమీ అడ్డు ఉండకూడదు. అది నిలదొక్కుకుని 550కి దిగాక బల్బులు, ఫ్యాన్లు వేసుకోవచ్చు. ఫ్రిజ్ ప్లగ్గు మాత్రం పీకే ఉంచండి. మోటారు 550, మిగతావి 729, ఫ్రిజ్ తోపు 900 కలిపితే 2,179 అవుతుంది. ట్యాంకు నిండి మోటారు ఆపాక ఫ్రిజ్‌కు వంతు వస్తుంది.

రోజును ఇలా పంచుకోవచ్చు. ఉదయం మొదట మోటారు. తర్వాత ఫ్రిజ్, ఇన్వర్టరు ఛార్జింగు, ఫోన్లు కలిసి. మిక్సీ అవసరమైతే ఆ రెండు నిమిషాలూ ఫ్రిజ్ స్విచ్ ఆపండి. ఆ తర్వాత జనరేటరు ఆపేయండి. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ లోపల నాలుగు గంటల పాటు చల్లగానే ఉంటుంది, కాబట్టి అది రోజంతా తిరగనక్కర్లేదు. ‘పెరుగు ఉందో లేదో చూద్దాం’ అని గంటకోసారి తలుపు తీసే వాళ్లను కాస్త అదుపులో పెట్టగలిగితే పెట్రోలు మిగులుతుంది.

రాత్రి జనరేటరు నడిపి పడుకోవద్దు. రాత్రి పని ఇన్వర్టరు బ్యాటరీది. ఇక్కడ లెక్క మీద ఆశలు పెంచుకోకండి: 12 వోల్టుల బ్యాటరీకి 15 ఆంపియర్ల చొప్పున రెండు గంటలు ఛార్జింగు పెడితే, మూడు పాత ఫ్యాన్లు కాదు, రెండు ఫ్యాన్లూ ఒక బల్బూ రెండు గంటలకు కొంచెం తక్కువగా నడుస్తాయి. అవే రెండు ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం అయితే నాలుగు గంటలు దాటుతుంది. ఇంకా పెద్ద జనరేటరు కొనాలా అని ఆలోచిస్తున్న వాళ్లు ముందు ఫ్యాన్లు మార్చమని నేను చెప్పేది అందుకే. కొన్ని ఇన్వర్టర్లు జనరేటరు కరెంటును తీసుకోవు, ఫ్రీక్వెన్సీ కాస్త ఊగితే చాలు బ్యాటరీ మీదే ఉండిపోతాయి. వెనక స్విచ్ ఉంటే యూపీఎస్ మోడ్ నుంచి నార్మల్ లేదా ఎకో మోడ్‌కు మార్చి చూడండి. తుఫాను వచ్చాక కాదు, ముందే.

భారం ఎక్కువైందని ఎలా తెలుస్తుంది

ఇంజను చప్పుడు బరువుగా, కిందికి దిగిపోతుంది. బల్బులు మసకబారతాయి, ఫ్యాను వేగం తగ్గుతుంది. ఫ్రిజ్ ‘హుమ్’ అని మూలిగి, టక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. వోల్టేజీ తగ్గితే మోటార్లు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతాయి. అంటే జనరేటరు కంటే ముందు మీ ఫ్రిజ్ కంప్రెసరే పోవచ్చు. ఎంసీబీ పడితే కోపం వద్దు, లోడు తీసేసి, కారణం తెలుసుకుని అప్పుడు పైకి ఎత్తండి. దాన్ని వేలితో పట్టుకుని నిలబెట్టడం, పెద్ద ఎంసీబీ మార్చేయడం మాత్రం చేయకండి. ఇన్వర్టర్ రకం జనరేటర్లలో పద్ధతి వేరు: ఓవర్‌లోడ్ ఎర్ర లైటు వెలిగి కరెంటు ఆగిపోతుంది, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ప్లగ్గులు పీకి, ఇంజను ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి.

పెట్రోలు, ఆపడం, దాచడం

నడుస్తున్న జనరేటరులో పెట్రోలు పోయకండి. ఆపి, కనీసం పావుగంట చల్లారనివ్వండి. వేడి సైలెన్సరు మీద ఒక్క చుక్క ఒలికినా చాలు. ట్యాంకు అంచుదాకా నింపవద్దు. సొంత వాడకానికి లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకు పెట్రోలు ఉంచుకోవచ్చని చట్టం చెబుతుంది, కానీ ఇళ్ల మధ్య అంత ఉంచుకోవడం నాకు నచ్చదు. బిగుతు మూత ఉన్న లోహపు డబ్బాలో, వంటింటికీ పూజ గదికీ దూరంగా, వీలైతే బయటి గదిలో పెట్టండి. మంచినీళ్ల సీసాలో పెట్రోలు పోసి గట్టు మీద పెట్టడం కంటే ప్రమాదం ఇంకొకటి లేదు.

ఆపేటప్పుడు ముందు లోడు తీసేయండి, రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిప్పండి, తర్వాత స్విచ్, చివర ఫ్యూయెల్ కాక్.

కొత్త యంత్రానికి సాధారణంగా మొదటి 20 గంటలకు ఒకసారి, ఆపైన ప్రతి 100 గంటలకు ఆయిలు మార్చాలి. ఏ గ్రేడు పోయాలో మాన్యువల్ చెబుతుంది. తుఫాను రోజుల్లో రోజుకు ఆరేసి గంటలు నడిపితే 20 గంటలు నాలుగు రోజుల్లోనే అయిపోతాయి కాబట్టి ఒక డబ్బా ఆయిలు, ఒక స్పార్క్ ప్లగ్ ముందే కొని ఉంచండి. నెలల తరబడి వాడనప్పుడు కార్బురేటరులో మిగిలిన పెట్రోలు జిగురులా గడ్డకట్టి తాడు ఎంత లాగినా అందుకోదు. దాచే ముందు ఫ్యూయెల్ కాక్ మూసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపి, ట్యాంకు ఖాళీ చేయండి. ఖాళీ చేయడం ఇష్టం లేకపోతే నెలకోసారి నాలుగు ఫ్యాన్లో, ఏదైనా కొంత లోడో వేసి పావుగంట నడపండి. సెప్టెంబరు ముగిసేలోగా ఒకసారి మాత్రం మీ కాగితం చేతిలో పట్టుకుని, మోటారుతో సహా అన్ని వంతులూ వరుసగా వేసి చూసుకోండి.